చర్చిలో ఒక పేరు, కాగితంలో ఒక పేరు

ఈ ఎపిసోడ్ ధవళేశ్వరం గట్టు మీద కూర్చుని చేస్తున్నా. వెనకాల గాలి సౌండ్ వస్తే ఏమీ అనుకోకండి, ఎడిటింగ్‌లో ఎంత తీసినా కొంచెం ఉండిపోద్ది.

మొన్నామధ్య మా మామ్మ చనిపోయింది. నాన్న వాళ్ల అమ్మ. ఎనభై దాటేశాయి, పెద్దగా బాధపడకుండానే వెళ్లిపోయింది. సమాధి మీద రాయి పెట్టించాలని నేనూ నాన్నా రాజమండ్రిలో రాళ్లు చెక్కే ఒకాయన దగ్గరికి వెళ్లాం. ఆయన ఒక కాగితం ముక్క ఇచ్చి, "పేరు, పోయిన తేదీ రాసివ్వండి బాబూ, తప్పు పడితే మళ్లీ చెరపలేం" అన్నాడు. నాన్న పెన్ను పట్టుకుని అలా ఉండిపోయాడు. తేదీ రాశాడు. పేరు రాయలేదు.

ఎందుకంటే మా మామ్మకి రెండు పేర్లు. రేషన్ కార్డులో, ఆధార్‌లో, పింఛను కాగితాల్లో ఊరి దేవత పేరు. చర్చిలో బైబిల్లో ఉన్న పేరు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి పేటలో అందరూ ఆ రెండో పేరుతోనే పిలిచారు. ఆవిడ పలికింది ఆ పేరుకే. కానీ డెత్ సర్టిఫికెట్‌లో ఉన్నది మొదటిది. ఇంకో సంగతి ఏంటంటే, మా బాబాయి కొడుకు ఇంకా ఉద్యోగాలకి అప్లై చేస్తున్నాడు. సిలువ గుర్తూ బైబిల్ పేరూ ఉన్న రాయిని రేపు ఎవరైనా ఫోటో తీసి ఆఫీసులో పెడితే? నాన్న ఆ మాట పైకి అనలేదు. నాకు మాత్రం అర్థమైంది.

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లలో చాలామందికి ఈ రెండు పేర్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ఒక మాట ముందే చెప్పేస్తా. నా సొంత సర్టిఫికెట్‌లో ఏం రాసి ఉందో కెమెరా ముందు చెప్పను. ఎందుకు చెప్పనో వింటూ ఉంటే మీకే తెలుస్తుంది.

సరే, అసలు ఈ డెల్టాలోకి చర్చి ఎలా వచ్చిందో చూద్దాం. మనలో చాలామందికి మిషనరీ అనగానే కోటు, టోపీ, గుర్రబ్బండి, పక్కన కలెక్టరు దొర... ఇలాంటి సినిమా బొమ్మ ఒకటి కళ్ల ముందుకొస్తుంది. 1836లో ఇంగ్లండ్‌లోని బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి ఇద్దరు బయల్దేరారు. విలియం బౌడెన్, జార్జ్ బీర్. ఆంథనీ నారిస్ గ్రోవ్స్ అనే ఆయన పిలిస్తే వచ్చారు. వీళ్లకి పెద్ద సొసైటీ లేదు, నెల జీతం లేదు. బౌడెన్ రాతిపనివాడు. బీర్ చెప్పులు కుట్టేవాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. చెప్పులు కుట్టేవాడు! నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో వాళ్లు స్థిరపడ్డారు. ఆ రోజుల్లో అదే ఊళ్లలో చెప్పులు కుట్టేవాళ్ల ఇళ్లు ఊరి చివర. వాళ్లు కుట్టిన చెప్పులు ఊరంతా తొడుక్కుంటారు, వాళ్లు మాత్రం చెప్పులతో ఊళ్లో నడవకూడదు. అలాంటి చోటికి అదే పని చేసిన తెల్లాయన ఒకడు వచ్చి దేవుడి గురించి మాట్లాడుతున్నాడు. ఆయన చేతిపని ఏంటో ఆ ఊళ్లో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు గానీ, తెలిసిన మాదిగపేట మనిషికి ఎలా అనిపించి ఉంటుందో అని నేను చాలాసార్లు ఆలోచించా.

మొదట్లో వీళ్ల మాట వినేవాళ్లు పెద్దగా లేరు. ఆ తర్వాత ఆనకట్ట వచ్చింది. కాటన్ దొర ఇక్కడే, నేను కూర్చున్న ఈ ధవళేశ్వరంలోనే, 1847లో పని మొదలుపెట్టించి 1852కి పూర్తి చేయించాడు. ఎక్కడెక్కడి నుంచో కూలీలు వేల సంఖ్యలో దిగారు. ఊళ్లో అయితే ఎవరి పేట వాళ్లది, ఎవరి బావి వాళ్లది. పని దగ్గర అందరి నెత్తిన అదే మట్టి తట్ట. బౌడెన్ ఈ కూలీల మధ్యకి వచ్చి మాట్లాడేవాడు. చర్చిల చరిత్రలో ఈ ఆనకట్ట పనిని ఒక మలుపుగా చెప్తారు, అది నిజమే అనుకుంటున్నా. పాఠ్యపుస్తకంలో ఆనకట్ట అంటే మూడు పంటలు, పచ్చదనం. మా పేటల్లో ఆ కథకి ఇంకో సగం ఉంది.

ఇదే కాలంలో రాజమండ్రిలో లూథరన్ మిషన్ మొదలైంది, ముందు జర్మనీ వాళ్లు, తర్వాత అమెరికా వాళ్లు. కాకినాడ వైపు కథ ఇంకా బాగుంటుంది. థామస్ గాబ్రియేల్ అనే తెలుగాయన టెలిగ్రాఫ్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగం వదిలేసి సొంతంగా సువార్త పని పెట్టుకున్నాడు. డబ్బుల్లేక ఇబ్బంది పడి కెనడా బాప్టిస్టుల్ని సాయం అడిగితే, 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడ వచ్చాడు. టెలిగ్రాఫ్ అంటే అప్పట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే కదండి. నేను కోడింగ్ మానేసి వీడియోలు చేస్తానన్నప్పుడు మా ఇంట్లో జరిగిన గొడవ గుర్తొచ్చి, ఆయనింట్లో ఏం జరిగి ఉంటుందో ఊహించుకుని నవ్వుకున్నా.

ఒంగోలు వైపు వెళ్తే మళ్లీ తోలు పని కనపడుద్ది. అక్కడ 1866లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగాయన. ఆయన వెనకాల ఊళ్లకి ఊళ్లే కదిలాయి. అక్కడి మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి పెద్ద కులాలవాళ్లు వచ్చి, మాదిగల్ని చేర్చుకోవడం ఆపితే మా పిల్లల్ని పంపుతాం అన్నట్టు బేరం పెట్టారు. క్లౌ ఒప్పుకోలేదు. తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. కరువు నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారనే మాట పడకూడదని. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు.

బియ్యం కోసం మతం మారారు అనే మాట నేను బీటెక్ హాస్టల్లో మొదటి వారమే విన్నా. నవ్వుతూనే అన్నారు, నేనూ నవ్వేశా. ఇప్పుడైతే నవ్వను. బియ్యం ఒక కారణం అయ్యుండొచ్చు, కాదని నేనెలా అంటాను? ఆకలేసినవాడు బియ్యం చూడకూడదా? కానీ బియ్యం అయిపోయాక కూడా నూటయాభై ఏళ్లు నిలబడిందంటే, ఇంకేదో దొరికింది. బడి దొరికింది. ఆసుపత్రి దొరికింది. నరసాపురంలో మిషనరీలు మొదలుపెట్టిన లేసు అల్లికతో ఆడవాళ్ల చేతికి నాలుగు రూపాయలు దొరికాయి. అది మొదట క్రైస్తవ ఆడవాళ్ల పని, తర్వాత కాపుల ఇళ్లలోకీ వెళ్లింది. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఈ లేసు పనివాళ్ల మీద 1982లో పుస్తకమే రాసింది, వాళ్లకి దక్కే కూలి ఎంత తక్కువో కూడా చూపించింది. అన్నిటికంటే ముఖ్యంగా, పేరు పెట్టి పిలిచే ఒక చోటు దొరికింది. "ఒరేయ్" అనకుండా.

మరి ఆ చోటులో అందరికీ కుర్చీ దొరికిందా? ఇక్కడ నిజం మాట్లాడుకోవాలి. దొరకలేదు.

మన ఊళ్లలో ఎన్ని చోట్ల మాలపేట చర్చి, మాదిగపేట చర్చి విడివిడిగా ఉన్నాయో మీకు తెలుసు. బైబిల్ ఒకటే, పాటల పుస్తకం ఒకటే, మధ్యలో ఒక సందు. మారిన పెద్ద కులాలవాళ్లు ఉన్న కొన్ని చోట్ల వాళ్ల వరసలు వేరు, సమాధుల తోటలో వాళ్ల పక్క వేరు. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలోంచి తాగాలా, చిన్న చిన్న గ్లాసులు పెట్టాలా అనే చర్చ వస్తే అందరూ శుభ్రత గురించే మాట్లాడతారు. శుభ్రతే అయ్యుండొచ్చు, కరోనా తర్వాత మరీను. కానీ మా మామ్మ ఒకసారి అంది: "నాకంటే ముందు ఎవరు తాగారో నేనెప్పుడూ చూళ్లేదురా, నా తర్వాత ఎవరు తాగలేదో చూశాను."

ఇది కొత్త జబ్బు కాదు. బైబిల్లోనే యాకోబు పత్రిక రెండో అధ్యాయం తీసి చూడండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు వస్తే మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టల వాడిని అక్కడ నుంచోమంటున్నారని ఆయన చివాట్లు పెడతాడు. కొరింథులో అయితే ప్రభు భోజనం దగ్గరే డబ్బున్నవాళ్లు ముందే తినేసేవాళ్లు, పేదోళ్లు ఆకలితో ఉండిపోయేవాళ్లు. పౌలు దాని మీద గట్టిగా రాశాడు. అంటే సంఘం పుట్టిన తొలి తరంలోనే కుర్చీ గొడవ ఉంది.

గుర్రం జాషువా గారి సంగతి తీసుకోండి. 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవ, తల్లి మాదిగ, క్రైస్తవ కుటుంబం. కుర్రతనంలో మన రాజమండ్రిలోనే, 1915-16 ప్రాంతంలో, మూకీ సినిమాలకి పక్కన నిలబడి కథ, మాటలు చదివే పని చేశారు. ఒక రకంగా ఆయన మా వీడియో హోస్టులందరికీ తాత. పద్యం చెప్తే కులం అడిగి లేచిపోయిన పండితులు ఒకపక్క. పురాణ కథల మీద రాస్తున్నాడని కోప్పడిన క్రైస్తవ పెద్దలు ఇంకోపక్క. 1941లో గబ్బిలం రాశారు. గుడిలోకి వెళ్లే హక్కు లేని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపడం అందులో కథ. పుట్టింది క్రైస్తవుడిగా, కబురు శివుడికి. ఈయన్ని ఏ కాలమ్‌లో పెడతారు?

కాలమ్ అన్నాను కాబట్టి ఇప్పుడు కాగితం దగ్గరికొద్దాం. నేను ఐదేళ్లు డేటాబేస్‌ల మీద పనిచేశా. ఒక గడిలో ఒకటే విలువ పెట్టాలి, రెండు పెడితే సిస్టమ్ ఎర్రర్ ఇస్తుంది. మన ప్రభుత్వం 1950లో రాసిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు కూడా అలాంటిదే. అందులో మూడో పేరా ఒక ఇఫ్ కండిషన్ లాంటిది: హిందూ మతం కాకుండా వేరే మతంలో ఉన్నవాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని ఆ కండిషన్‌లోకి చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే ఉన్నారు. ఎస్టీలకి ఈ మతం షరతు లేదు.

మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లకీ వాళ్ల పిల్లలకీ బీసీ-సీ అని ఒక గ్రూపు ఉంది. రిజర్వేషన్ 1 శాతం. 1977లో ఒక జీవో ఇచ్చి చట్టంతో సంబంధం లేని కొన్ని రాయితీలు కూడా ఇచ్చారు. కానీ ఎస్సీ సీటుకి పోటీ చేయడానికి లేదు. అట్రాసిటీ చట్టం రక్షణ కూడా ఉండదని కోర్టు అంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. గుంటూరు ప్రాంతంలో ఒక పాస్టరు గారు, తనని కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టారు. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆయన పదేళ్లుగా పాస్టరుగా ఉన్నారు, క్రైస్తవంలో కులం లేదు, కాబట్టి ఆ చట్టం ఆయనకి వర్తించదు అని.

వాక్యంగా చదివితే తప్పు కనపడదు. క్రైస్తవంలో కులం లేదు, నిజమే కదా, చర్చిల్లో మనమే కదా అలా చెప్తున్నాం. కానీ తిట్టేవాడు ముందు బాప్తిస్మం రిజిస్టర్ చూసి తిడతాడా?

ఇదే ప్రశ్న నలభై ఏళ్ల క్రితం ఇంకొకాయన అడిగాడు. సూసై అని, మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఆయన. అవునండి, మళ్లీ చెప్పులే. ప్రభుత్వం ఎస్సీ చెప్పులు కుట్టేవాళ్లకి ఉచితంగా బంకులు ఇచ్చింది. సూసై అదే కులం, అదే రోడ్డు, అదే పని. క్రైస్తవుడు కాబట్టి బంకు ఇవ్వలేదు. సుప్రీంకోర్టుకి వెళ్లాడు. 1985లో తీర్పు వచ్చింది. మతం మారాక కూడా కులం వల్ల అంతే వెనకబాటు కొనసాగుతోందని నమ్మదగిన ఆధారాలు చూపించలేదు అని కోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. ఎండలో కూర్చుని చెప్పులు కుట్టేవాడు దేశం మొత్తం సర్వే చేసి ఆధారాలు తేవాలన్నమాట. 1836లో బార్న్‌స్టేపుల్ నుంచి వచ్చిన చెప్పులాయన్ని మిషనరీ అన్నారు. ఆయన దేవుణ్ణే నమ్ముకున్న చెప్పులాయనకి మద్రాసులో రేకు బంకు కూడా దొరకలేదు.

తర్వాత రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో నివేదిక ఇచ్చింది, మతం షరతు తీసేయమని. అమలు కాలేదు. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ, దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని కేంద్రానికి తీర్మానం పంపింది.

ఇందులో రెండో పక్క కూడా ఉంది, దాన్ని తీసిపారేయొద్దు. నా ఫ్రెండ్ ఒకడు, హిందూ దళిత కుటుంబం, నాతోపాటే బీటెక్. వాడన్నాడు: "ఒరేయ్, ఉన్న అన్నం గిన్నె అంతే. మిషన్ స్కూళ్లలో చదివిన మీవాళ్లు వచ్చి కూర్చుంటే మా ఊరి పిల్లాడికి ఏం మిగులుద్ది?" అది ద్వేషం కాదు, భయం. గిన్నె పెంచకుండా తినేవాళ్లని పెంచితే గొడవ వస్తుంది, ఆ గొడవ ఎప్పుడూ పేదోళ్ల మధ్యే. నా అభిప్రాయం అడిగితే, మతం షరతు పోవాలి, గిన్నె కూడా పెరగాలి. ఒకటి చేసి ఒకటి వదిలేస్తే నా ఫ్రెండ్ మాటే నిజమవుద్ది.

అలాగే, దొంగ సర్టిఫికెట్లు అని తేలిగ్గా అనేసేవాళ్లకి ఒక మాట. మా మామ్మ దొంగ కాదు. ఆవిడకి ఆ రెండు పేర్లూ నిజమే. ఒకటి వాళ్లమ్మ పెట్టింది, ఒకటి తను ఎంచుకుంది. ప్రభుత్వం ఒకటే గడి ఇచ్చింది. అంతే.

చర్చిల్లో మార్పు లేదని కూడా అనను. 2013లో పుష్పలలిత గారు నంద్యాలలో సీఎస్ఐ బిషప్ అయ్యారు, ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్. 2022 ఆగస్టులో పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. పైన కుర్చీలు కదులుతున్నాయి. కింద చాపల మీద ఏం జరుగుతుందనేదే నా ప్రశ్న. మా పిన్ని కూతురికి చెవులు వినపడవు. ప్రతి ఆదివారం రెండు గంటలు బాక్సుల ముందు కూర్చుని వస్తుంది. ప్రసంగం ముందే రాసుకుంటారు కదా, ఆ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని నేను వాళ్ల పాస్టరు గారిని అడిగా. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదయ్యా" అన్నారు. ఆ ఆదివారం నుంచి పంపుతున్నారు. అక్షరాలు కొంచెం గజిబిజి, అయినా చదువుకుంటోంది. కొన్నిసార్లు చోటు ఇవ్వడానికి కమిషన్ అక్కర్లేదు. ఇంకో పేటవాళ్లని మన ఇంటి పెళ్లికి బంధువులుగా పిలవడానికి మాత్రం ఈ వాట్సాప్ ఫోటో అంత తేలికగా దారి దొరకడం లేదు. మా ఇంట్లో కూడా.

రాయి సంగతి అడుగుతారేమో. ఇంకా చెక్కించలేదు. పేరు గడి ఖాళీగా ఉన్న ఆ కాగితం నాన్న చొక్కా జేబులోనే ఉంది. చొక్కా ఉతకడానికి వేసే ముందు తీసి ఇంకో చొక్కాలో పెట్టుకుంటున్నాడు. మామ్మ చిన్నప్పటి పేరు కింద చర్చి పేరు పెట్టిద్దామా అని నేనడిగితే, "మీ తమ్ముడికి ఆర్డర్ రానీ, చూద్దాం" అన్నాడు.

ఇంకో చిన్న రిక్వెస్ట్. ఈ ఎపిసోడ్ కింద మీ అనుభవాలు రాయండి, అన్నీ చదువుతా. కానీ మీ రెండు పేర్లూ పక్కపక్కన రాయొద్దు, ఊరు పేరు, సర్టిఫికెట్ ఫోటోలు అసలు పెట్టొద్దు. స్క్రీన్‌షాట్ తీసేవాళ్లు ఉంటారు. అలాంటివి కనపడితే నేనే డిలీట్ చేస్తా, తప్పుగా అనుకోకండి. వచ్చే ఎపిసోడ్ లంక గ్రామాల నుంచి చేస్తా, పడవ దొరికితే. ఉంటానండి.